నాన్న బండికి కొత్త బ్రేకులు

పిల్ల నవ్వింది.

పదేళ్లుంటాయేమో. సైకిల్ హ్యాండిల్‌కు పాల క్యాను. ఆ క్యాను సరిచేసుకుని, అంబాసిడర్ ముక్కుకీ తన వెనక చక్రానికీ మధ్య జానెడు జాగా మిగిలిందో లేదో చూడనైనా చూడకుండా, తొక్కుకుంటూ వెళ్లిపోయింది. మాస్టారు మాత్రం స్టీరింగ్ పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఇంజన్ ఎప్పుడో ఆగిపోయిందన్న సంగతి కూడా ఆయనకు కాసేపటికి గానీ తెలియలేదు.

అది 2024 సెప్టెంబరు. నెల మొదట్లోనే బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ నీళ్లు చివరికి చేరేది కొల్లేటికే. బెజవాడలో ఇళ్లు కడుక్కుంటున్న రోజుల్లో ఇక్కడ లంక ఊళ్లలో నీళ్లెక్కుతాయి. అక్కడ చేపల చెరువున్న భార్య తరఫు అన్నగారిని ఓసారి చూసొద్దామని మాస్టారు దంపతులు ఏలూరు నుంచి బయల్దేరారు. దారిలో ఓ లోతట్టు చోట రోడ్డు మీదుగా నీళ్లు పారుతున్నాయి. లోతు మరీ ఎక్కువేం కాదు, చక్రం నడిమికి వస్తుందంతే. "వెళ్లిపోవచ్చండీ, ఇందాకే ఆటో వెళ్లింది" అన్నారు గట్టు మీద ఎవరో. మొదటి గేరులో మెల్లగా దాటించారు. అవతల పొడి రోడ్డు ఎక్కగానే హమ్మయ్య అనుకుని మూడో గేరుకు వచ్చేశారు. రెండొందల మీటర్లు పోయారో లేదో... పక్క పుంతలోంచి సైకిల్!

బ్రేకు తొక్కారు. పెడల్ గట్టిగానే తగిలింది. బండే ఆగలేదు. ఇంకా గట్టిగా తొక్కితే ఒక పక్క చక్రం పట్టింది, రెండోది పట్టలేదు. బండి కుడికి గుంజింది. చేతి బ్రేకు లాగారు. ఆ తర్వాత ఏమేం చేశారో ఆయనకే సరిగ్గా గుర్తులేదు.

ఆయన లెక్కల మాస్టారు. రిటైరై ఎనిమిదేళ్లు. ఆ రాత్రి ఇంటికొచ్చి, నిద్రపట్టక, కాగితం మీద లెక్క వేసుకున్నారు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. అంటే ఆ పిల్లకూ బండికీ మధ్య మిగిలిన జానెడు జాగా సెకనులో యాభయ్యో వంతు కూడా కాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. భార్యతో ఏమీ అనలేదు. ఆవిడా ఏమీ అడగలేదు. దారి పొడవునా పక్క సీట్లోనే ఉందిగా, అడగడానికేముంది!

తడిస్తే పట్టదు

ఆ బండి 1974 నాటి మార్క్-2 అంబాసిడర్. మాస్టారి నాన్నగారు కొన్నది. కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన కాలం అది. మీగడ రంగు ఒళ్లు, స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు, ముందు కూడా ముగ్గురు కూర్చునే బల్ల సీటు. మాస్టారు డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే. పెళ్లయి భార్యను కాపురానికి తెచ్చుకున్నదీ దాని మీదే. నాన్నగారు పోయి ఇరవై ఏళ్లవుతున్నా ఇంట్లో దాన్ని ఇప్పటికీ 'నాన్న బండి' అనే అంటారు.

అందులో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. మూకుడు బోర్లించినట్టుండే ఇనుప డ్రమ్ము చక్రంతోపాటు తిరుగుతుంది. దాని లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలు. పెడల్ తొక్కితే బ్రేకాయిల్ ఒత్తిడికి షూలు విచ్చుకుని డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుంటాయి. ముందు చక్రాల్లో ఓ చమత్కారం కూడా ఉంది. తిరిగే డ్రమ్మే షూలను తనవైపు లాక్కునేలా వాటిని అమర్చారు. కాలు కొద్దిగా తొక్కితే మిగతా పని డ్రమ్మే చేసుకుంటుంది. బూస్టర్ అవసరం లేకుండా అంత బరువైన బండి ఆగేది అందుకే.

చిక్కల్లా నీళ్లతోనే. డ్రమ్ములోకి నీళ్లు దూరితే ఓ పట్టాన బయటికి రావు. లైనర్ మీద నీటి పొర ఉన్నంతసేపూ పట్టు ఉండదు. రాపిడి తగ్గిందంటే డ్రమ్ము షూలను లాక్కోవడమూ తగ్గుతుంది. మామూలప్పుడు కాలి బలాన్ని పెంచే ఏర్పాటే తడిసినప్పుడు చేతులెత్తేస్తుంది. పైగా రెండు చక్రాలూ ఒకేసారి ఆరవు. ఆరింది పడుతుంది, ఆరనిది జారుతుంది. బండి ఓ పక్కకు గుంజేది అందుకే.

నాన్నగారికి ఈ సంగతి తెలుసు. కాలవ గట్టు మీద కొడుక్కి బండి నేర్పుతూ మొదటి వారంలోనే చెప్పారు. "నీళ్లు దాటాక ఎడం కాలు బ్రేకు మీద ఆనించి ఓ ఫర్లాంగు నడపాలిరా. షూలు కాగి తడి ఆవిరైపోతుంది. అప్పుడుగానీ పెద్ద గేరు వెయ్యకు." ఐదు దశాబ్దాలు మాస్టారు ఆ మాట తప్పలేదు. ఆరోజు మాత్రం బావగారి చెరువు గట్టు గురించి మాట్లాడుతూ మరిచిపోయారు.

మరిచిపోవడమన్నదే ఆయన్ని భయపెట్టింది. బ్రేకు చెడితే బాగుచేయించొచ్చు. అరవై ఆరేళ్ల మనిషికి మరుపొస్తే?

కొల్లేటి పక్క ఊళ్లలో బండి నడిపేవాళ్లకు వానాకాలమే నీళ్లొస్తాయని లేదు. చేపల లారీల నుంచి కారే ఐసు నీళ్లతో ఎండాకాలంలో కూడా రోడ్లు తడిగానే ఉంటాయి. ఆ తడిలో చేపల జిగురు కూడా కలిసి ఉంటుంది. అలాంటి చోట 'జాగ్రత్తగా నడుపుకుంటాలే' అనే మాట ఎన్నాళ్లు చెల్లుతుంది?

హైదరాబాద్ నుంచి కొడుకు ఫోన్‌లో తేల్చేశాడు. "అమ్మేయండి నాన్నా. చిన్న కారు కొనిస్తాను. ఏబీఎస్ ఉంటుంది, ఎయిర్‌బ్యాగులుంటాయి." మాట న్యాయమైనదే. అమ్మడానికి మాస్టారికి మనసు రాలేదు, అంతే. మరి దారేమిటి? డిస్కు బ్రేకులు పెట్టించవచ్చని పాత విద్యార్థి ఒకరు చెప్పారు. 'నాన్న బండికి వేరే బండి సామానా!' అని ముందు మొహం చిట్లించారు. నాన్నగారు మరలు కూడా కంపెనీవే తెప్పించిన మనిషి మరి. నెల రోజులు ఎటూ తేల్చుకోలేకపోయారు. చివరికి తేల్చింది జేబులోని కాగితమే.

అటు లీమాన్... ఇటు ఉత్తరపారా

డిస్కు బ్రేకు కొత్త వింతేమీ కాదు. ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ దానికి పేటెంటు తీసుకున్నది 1902లో. జాగ్వార్ సి-టైప్ కార్లు డిస్కు బ్రేకులతో ఫ్రాన్స్‌లోని లీమాన్ 24 గంటల పందెం గెలిచింది 1953లో. 1955లో సిట్రొయెన్ డీఎస్ వాటిని మామూలు కొనుగోలుదారు దాకా తెచ్చింది. సరిగ్గా ఆ మరుసటేడు, 1956లో, డ్రమ్ము బ్రేకులతో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3నే హిందుస్థాన్ మోటార్స్ తెచ్చుకుని, బెంగాల్లోని ఉత్తరపారాలో అంబాసిడర్‌గా మార్చింది. ఒక్క ఏడాది తేడా! ఆ డ్రమ్ములు మాత్రం మనతో దశాబ్దాలపాటు ఉండిపోయాయి. కొనేవాడికి వేరే దిక్కులేని రోజుల్లో మార్చాల్సిన తొందర కంపెనీకి మాత్రం ఎందుకుంటుంది?

పోటీ మొదలయ్యాకే కదలిక వచ్చింది. 1990ల్లో ఇసుజు ఇంజన్‌తో 1800 ఐఎస్‌జెడ్ వచ్చింది. ఆ తరం నుంచీ ముందు చక్రాలకు డిస్కులున్న అంబాసిడర్లు రోడ్డెక్కాయి. ముందు చక్రాలకే ఎందుకంటే... బ్రేకు వేయగానే బండి ముక్కు కిందికి వంగుతుంది చూడండి, అప్పుడు బరువంతా ముందుకు తూగుతుంది. ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. పైగా డిస్కు బయటికే ఉంటుంది. చక్రం తిరుగుతుంటే నీళ్లు చిమ్మేసుకుంటుంది, మిగిలిన పొరను ప్యాడ్లు తుడిచేస్తాయి.

పాత బండికి దాని తమ్ముడి సామాను పెట్టుకోవడం మనవాళ్ల కొత్త కల్పనేం కాదు. మోరిస్ మైనర్ కార్లను అపురూపంగా దాచుకున్న ఇంగ్లండ్ వాళ్లు ఎన్నో ఏళ్లుగా వాటికి మోరిస్ మరీనా ముందు బ్రేకులు బిగించుకుంటున్నారు. కాకపోతే వాళ్లకు ఆ సామాను సెట్లుగా పెట్టెల్లో దొరుకుతుంది. మనకా? ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. 2017లో పేరును కూడా ఫ్రాన్సు కంపెనీ పెజోకు 80 కోట్లకు అమ్మేశారు. కాబట్టి ఓ అంబాసిడర్‌కు డిస్కులు కావాలంటే ఎక్కడో ఇంకో అంబాసిడర్ తుక్కుకు వెళ్లాలి.

సగం పని

మొదటిసారి పని చెడింది. తప్పులో మాస్టారికీ వాటా ఉంది.

దగ్గర్లోని ఓ షెడ్డువాళ్లు విజయవాడ ఆటోనగర్ నుంచి స్టబ్ యాక్సిళ్లు, హబ్బులు, డిస్కులు, కాలిపర్లు తెచ్చి బిగించారు. బూస్టరూ, మాస్టర్ సిలిండరూ అక్కర్లేదన్నారు. "పాతది బాగానే ఉంది కదండీ, డబ్బు దండగ" అన్నారు. 'డబ్బు దండగ' అనే మాటకు మాస్టారు తొందరగా లొంగిపోతారు. సరేనన్నారు.

మర్నాడు పొద్దున్నే బండి తీసి భీమడోలు వైపు పోనిచ్చారు. గుండుగొలను దగ్గరికి వచ్చేసరికి బండి బరువుగా లాగుతున్నట్టు అనిపించింది. భీమడోలు వచ్చేసరికి కాలిన వాసన. దిగి చూస్తే ముందు చక్రాలు చెయ్యి పెట్టలేనంతగా సలసలలాడుతున్నాయి. సీసాలో నీళ్లు పోయబోతుంటే వెనక ఆగిన లారీ డ్రైవర్ కేకేశాడు. "పోయకండి బాబూ! కాగిన ఇనుము పగులుద్ది!"

అతనే స్పానరు తెచ్చి కాలిపర్ మీది నిప్పిల్ అరచుట్టు వదులు చేశాడు. చిర్రున బ్రేకాయిల్ చిమ్మింది. అప్పటిదాకా బిగిసిపోయిన చక్రం తేలిగ్గా తిరిగింది. "లైన్లో ప్రెజరు నిలబడిపోతందండి. బ్రేకు జోలికి పోకుండా గేర్ల మీద ఆపుకుంటా గూడెం పోండి" అని, అక్కడ రైస్ మిల్లుల వైపు పాత అంబాసిడర్లు చేసే మేస్త్రి ఒకాయన ఉన్నాడని ఆనవాళ్లు చెప్పాడు. ఆపడానికి పెట్టించుకున్న బ్రేకును తొక్కకుండా వెళ్లమనడం! పూళ్ల, కైకరం మీదుగా తాడేపల్లిగూడెం చేరడానికి మాస్టారికి గంటన్నర పట్టింది.

మేస్త్రి బానెట్ ఎత్తి ఒక్క చూపు చూశాడు. "కాళ్లు మార్చి గుండె వదిలేశారండి మాస్టారూ."

సంగతేమిటంటే, డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండర్ నోటి దగ్గర చిన్న కవాటం ఉంటుంది. కాలు తీసేశాక కూడా గొట్టాల్లో కొద్దిగా ఒత్తిడి మిగిల్చి ఉంచుతుంది. డ్రమ్ములకది మంచిదే. లోపలి రబ్బరు కప్పుల్లోంచి గాలి దూరదు. షూలను వెనక్కి లాగడానికి ఎలాగూ గట్టి స్ప్రింగులున్నాయి. డిస్కులకు ఆ స్ప్రింగులు ఉండవు. కాలిపర్‌లో పిస్టన్ను వెనక్కి తెచ్చేది దాని చుట్టూ ఉన్న రబ్బరు సీలు మెలిక మాత్రమే. ఆ కొద్దిపాటి ఒత్తిడి చాలు, ప్యాడ్లు డిస్కును వదలవు. వదలకపోతే వేడి. వేడెక్కిన ఆయిల్ ఇంకాస్త వ్యాకోచిస్తుంది, ప్యాడ్లు ఇంకాస్త బిగుస్తాయి.

అదొక్కటే కాదు. కాలిపర్ పిస్టన్లు పెద్దవి, వాటికి ఎక్కువ ఆయిల్ కావాలి. పాత సిలిండర్ అంత పంపలేదు. ఇక డిస్కుకు డ్రమ్ములా తనంతట తాను లాక్కునే గుణం లేదు. కాలి బలానికి బూస్టర్ తోడుండాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. పాత మాస్టర్ సిలిండర్‌లో ఒకటే గది. నాలుగు చక్రాలకూ అదే దిక్కు. ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగూ పోతాయి. తర్వాతి కాలపు సిలిండర్లో రెండు గదులు. ముందువి పోయినా వెనకవి ఉంటాయి.

"బ్రేకంటే చక్రం దగ్గరుండే సామాను కాదండి. మీ కాలి దగ్గర మొదలై నేల దగ్గర అయిపోద్ది. మధ్యలో ఏదీ వదలకూడదు" అన్నాడు మేస్త్రి. మాస్టారు తలూపారు. నలభై ఏళ్లు పిల్లలకు ఆయన చెప్పిందీ అదేగా. మధ్యలో మెట్టు వదిలేస్తే సమాధానం రాదని.

బుగ్గ చిల్లున్న బండి

ఆ వారమే ఇద్దరూ విజయవాడ ఆటోనగర్ వెళ్లారు. పాత సామాన్ల కొట్లో వెనకవైపు, లారీ క్యాబిన్ల మధ్య ఇటుకల మీద నిలబడి ఉంది, స్టబ్ యాక్సిళ్లు ఇచ్చిన బండి. తెల్లటిది. ముందు చక్రాలు లేవు. పైకప్పు మధ్యలో ఓ గుండ్రటి చిల్లు.

"ఇదేంటి?" అన్నారు మాస్టారు.

"బుగ్గ చిల్లండి. ఎవరో ఆఫీసరుగారిది. వేలంలో వచ్చింది" అన్నాడు కొట్టు కుర్రాడు.

ఎర్రబుగ్గలు 2017 మే 1 నుంచి తీసేశారు. దీనికి బుగ్గ పోయి, తర్వాత ఆఫీసరు పోయి, చివరికి చక్రాలూ పోయాయన్నమాట. వెనక అద్దానికి తెర కమ్మీ ఇంకా ఉంది. దానికి వెలిసిపోయిన ఆకుపచ్చ తెర వేలాడుతోంది. ఈ బండిని చూసి ఎన్ని గేట్లు హడావుడిగా తెరుచుకున్నాయో! మాస్టారు కాసేపు అలా చూసి, మేస్త్రిని అడిగారు. "దీన్నెవరైనా మళ్లీ నడిపించొచ్చు కదయ్యా? మనమే చంపుతున్నామా?"

మేస్త్రి బండి కింద చెయ్యి పెట్టి చాసిస్ ఇనుమును గోటితో గీకాడు. పెచ్చులు పెచ్చులుగా రాలింది. "ఇది ఎప్పుడో పోయిందండి. బతికున్నవి తీసుకుపోదాం."

బతికున్నవి ఏవేవన్నదానికి మేస్త్రి దగ్గర కచ్చితమైన లెక్కుంది. బూస్టరు డొల్ల పాతది తీసుకోవచ్చు, పనిచేస్తోందో లేదో పరీక్షించుకోవాలి. పెడల్ బ్రాకెట్టు, పుష్ రాడ్డు తీసుకోవచ్చు. మాస్టర్ సిలిండర్ లోపలి గోడ వేలితో తడిమి చూశాడు. గీత తగిలింది, పక్కన పడేశాడు. దాని స్థానంలో డబ్బా విప్పని కొత్తది దొరకడానికి మూడు కొట్లు తిరగాల్సి వచ్చింది. డిస్కుల విషయంలో ఇంకా పట్టుదల. ఇంతకన్నా పలచబడితే వాడకూడదని ప్రతి డిస్కుకూ ఓ హద్దుంటుంది. మాస్టారి బండికి బిగించినవాటిలో ఒకటి ఆ హద్దు అంచున ఉంది. ఒక్కటి మారిస్తే కుదరదు, రెండూ మార్చాలి. లేకపోతే బండి మళ్లీ ఓ పక్కకు గుంజుతుంది. కాబట్టి డిస్కుల జత ఇంకో బండి నుంచి వచ్చింది. వాటిని లేతు మీద కొద్దిగా చదును చేయించారు. అలా నాన్న బండిలోకి రెండు బండ్లు చేరాయి.

"ఇనుము పాతదైనా పర్లేదు. రబ్బరు, ప్యాడ్లు, హోసు పైపులు... ఇవి కొత్తవే" అన్నది మేస్త్రి సూత్రం. అందులో బేరం లేదు. మొత్తం ఎంతయిందో మాస్టారు చిన్న పుస్తకంలో పైసలతో సహా రాసుకున్నారు. ఆ పుస్తకం ఇంట్లో ఎక్కడుందో భార్యకు ఇప్పటికీ తెలియదు.

మాస్టారు పెట్టిన షరతు ఒకటే. "బాడీకి కొత్తగా ఒక్క చిల్లు పెట్టొద్దు. ఒక్క చోట వెల్డింగ్ చెయ్యొద్దు. రేపెప్పుడైనా పాతవి మళ్లీ బిగించుకోగలగాలి." బూస్టర్‌ను పాత బోల్టుల చిల్లులకే పట్టించే పలక తయారు చేయడానికి మేస్త్రికి అదనంగా రెండు రోజులు పట్టింది. విసుక్కున్నాడు గానీ చేశాడు.

ఈ షరతు ఉత్త చాదస్తం అనుకోనక్కర్లేదు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకు 2021 నుంచి కేంద్రం 'వింటేజ్' రిజిస్ట్రేషన్ తెచ్చింది. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. చాసిస్, బాడీ, ఇంజన్ మార్చినవాటికి ఆ గౌరవం దక్కదు. 1974 బండి కాబట్టి మాస్టారిదీ అర్హతకు వచ్చింది. కానీ వింటేజ్ అనిపించుకున్న బండిని రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, మరమ్మతులకూ తప్ప. "ఇంటి ముందు నిలబెట్టుకోడానికా కొన్నాడు మా నాన్న?" అని మాస్టారు దాని జోలికి పోలేదు.

కొట్టండమ్మా... పట్టండి!

బిగింపు చివరి రోజున మాస్టారి భార్య కూడా గూడెం వచ్చారు, ఎవరూ రమ్మనకుండానే. షెడ్డులో కుర్రాడొకడు కాలిపర్ సీళ్లను కిరసనాయిల్లో వేయబోయి మేస్త్రి చేత తిట్లు తింటున్నాడు. కిరసనాయిలు, పెట్రోలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. బ్రేకాయిల్‌తోనే కడగాలి. "ఒరేయ్, నువ్వు పాడుచేసేది రబ్బరు కాదురా, వాళ్ల ప్రాణం" అన్నాడు మేస్త్రి. ఆవిడ ఆ మాట విన్నారు.

ఇక మిగిలింది గొట్టాల్లోని గాలి తీయడం. ఆయిల్ నొక్కితే కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. చిన్న బుడగ మిగిలినా పెడల్ మెత్తబడుతుంది. ఒకరు సీట్లో కూర్చుని తొక్కాలి, ఇంకొకరు కింద నిప్పిల్ విప్పి బిగించాలి. కుర్రాడు మొహం ముడుచుకుని ఎటో పోయాడు. మాస్టారు సీసా పట్టుకుని ఉన్నారు. "నేను తొక్కుతానులే" అంటూ ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నారు. నలభై ఏళ్లుగా ఎడమ పక్కనే కూర్చున్న మనిషి, స్టీరింగ్ ముందుకు రావడం అదే మొదటిసారి.

"కొట్టండమ్మా... కొట్టండి... కొట్టండి... పట్టండి!"

పట్టి ఉంచారు. కింద బుడబుడలాడుతూ గాలి వచ్చింది.

"వదలండి. మళ్లీ కొట్టండి... పట్టండి!"

దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రం నుంచి మొదలుపెట్టి దగ్గరికి వచ్చారు. అరగంట పట్టింది. మొదట స్పాంజిలా దిగిపోయిన పెడల్ రాన్రాను గట్టిపడింది. చివరికి రాయిలా నిలబడింది. అప్పుడు మేస్త్రి ఇంజన్ ఆపి ఉంచి, పెడల్‌ను నాలుగైదుసార్లు కొట్టించి, తొక్కిపట్టుకుని స్టార్ట్ చేయమన్నాడు. ఇంజన్ అందుకోగానే పెడల్ ఆవిడ కాలి కింద కొంచెం లోపలికి జారింది. "అమ్మో, దిగిపోయింది!" అన్నారు కంగారుగా. మేస్త్రి నవ్వాడు. బూస్టర్ పనిచేస్తే అలాగే దిగుతుంది.

బండి దిగబోతూ ఆవిడ భర్తతో మెల్లగా అన్నారు. "ఆరోజు మీ కాలితోపాటు నేనూ కింద బల్లని తొక్కానండీ. ఇంటికెళ్లాక చూసుకుంటే పాదం కమిలింది."

మాస్టారు ఏమీ అనలేదు. జేబు తడుముకున్నారు.

మర్నాడు తెల్లవారుజామున రెండో ప్రపంచయుద్ధం నాటి పాత రన్‌వే మీద పరీక్ష. మాస్టారు ముగ్గుతో గీత గీశారు. ముప్ఫై మీద ఓసారి, నలభై మీద ఓసారి, అరవై మీద ఓసారి. ఆగిన చోటు నుంచి గీత దాకా అడుగులు లెక్కపెట్టుకున్నారు. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుందని బోర్డు మీద ఎన్నిసార్లు రాసి ఉంటారో! దాన్ని పాదాలతో కొలవడం ఇదే మొదలు. నిజం చెప్పాలంటే పొడి నేల మీద, నలభై దగ్గర, పాత డ్రమ్ములతో పోలిస్తే పెద్ద తేడా ఏమీ కనిపించలేదు. ఆ వేగంలో చివరికి ఆపేది టైరు పట్టే. కాస్త నీరసపడ్డారు మాస్టారు. మేస్త్రి మాట్లాడకుండా రెండు బిందెల నీళ్లు తెచ్చి రెండు చక్రాల మీదా పోశాడు. "ఇప్పుడు కొట్టండి."

బండి ఎటూ గుంజకుండా ఆగింది. గీతకు అవతల దాదాపు అంతే దూరంలో.

ఇంకో మాట కూడా చెప్పి పంపాడు మేస్త్రి. కొత్త ప్యాడ్లు డిస్కు మీద కుదురుకునేదాకా, మొదటి రెండు మూడొందల కిలోమీటర్లు, అవసరమైతే తప్ప గట్టిగా తొక్కొద్దని. ఏడాదికో రెండేళ్లకో బ్రేకాయిల్ మార్చమని కూడా. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ తొందరగా మరుగుతుంది.

పాత డ్రమ్ములూ షూలూ సిలిండర్లూ గ్రీజు పూసి, గోనెసంచిలో చుట్టి, ఇంట్లో అటక మీద పెట్టారు. సంచి మీద సుద్దతో '1974' అని రాశారు.

2025 శ్రావణంలో మేనకోడలి పెళ్లి. మళ్లీ అదే దారి. ముందు రాత్రి వాన దంచింది. లోతట్టు చోట రోడ్డు మీద నీళ్లు పారుతూనే ఉన్నాయి. పక్కన గూడకొంగలు నిమ్మళంగా నిలబడి ఉన్నాయి. మాస్టారు మొదటి గేరులో దాటించారు. అవతలి ఒడ్డు ఎక్కగానే అద్దంలో చూసి, వెనక ఎవరూ లేరని నిర్ధారించుకుని, బ్రేకు తొక్కారు. ఆగింది. మళ్లీ పోనిచ్చి మళ్లీ తొక్కారు. ఆగింది. మూడోసారి పుంత మలుపు దగ్గర పూర్తిగా ఆపేశారు. అటూ ఇటూ చూశారు. సైకిలేదీ రాలేదు. ఓ గేదె మాత్రం తాపీగా రోడ్డు దాటింది.

ఆ తర్వాత గేరు వేసి, ఎడం కాలు బ్రేకు మీద ఆనించి, ఓ ఫర్లాంగు అలాగే నడిపారు. వెనక చక్రాలు ఇంకా డ్రమ్ములేగా, వాటికి తడి ఆరాలి. అదీగాక కాలికి అలవాటు.

"ఇంకెంతసేపండీ ఈ నత్తనడక!" అన్నారు ఆవిడ పక్క సీట్లోంచి. "మనం వెళ్లేసరికి వాళ్లు విస్తళ్లు ఎత్తేస్తారు."